బీమా మనది... ధీమా ఎవరిది?

ఏటా సెప్టెంబరు 1 వచ్చిందంటే జీవిత బీమా సంస్థ ఆఫీసులకు తోరణాలు కడతారు. 1956లో ఆ రోజునే సంస్థ పుట్టింది కాబట్టి వారం రోజులు బీమా వారోత్సవాలు జరుపుతారు. ఆ వారంలో మైకు పట్టుకున్న ప్రతివాడి నోటా ఒకటే మాట: 'మనదంతా ఒకే కుటుంబం'. ప్రయివేటు బీమా కంపెనీల్లో తోరణాలు ఉండవు గానీ మాట మాత్రం అదే. కాకపోతే ఇంగ్లీషులో చెప్తారు.

సరే, కుటుంబమే అనుకుందాం. అత్తగారికి కనబడే ఇల్లు, కొత్త కోడలికి కనబడే ఇల్లు ఒకటేనా? పెద్దకొడుకు కాలు మీద కాలేసుకుని కూర్చున్న అరుగు మీద కంబారి కూర్చోగలడా? ఆ ఇంట్లో నిన్న మొన్నటిదాకా పుట్టి పెరిగినవాడికి ఇప్పుడు వాకిట్లో చాప వేసి, ఎక్కణ్ణించో వచ్చినవాడికి లోపల మంచం వేస్తే దాన్నీ కుటుంబమనే అంటారా?

గత రెండు నెలలుగా మేము నెల్లిమర్ల, విజయనగరం, చీపురుపల్లి, గరివిడి తిరిగాం. ప్రభుత్వ సంస్థా ప్రయివేటు కంపెనీయా అని చూడకుండా బీమా ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళను ఒకటే ప్రశ్న అడిగాం: మీ ఆఫీసు ఎలా ఉంటుంది? పేర్లు రాయొద్దన్నారు, రాయడం లేదు. ఏ ఆఫీసో కూడా రాయడం లేదు, ఎందుకంటే మా గొడవ ఫలానా ఆఫీసుతో కాదు. వచ్చిన జవాబుల్లో ఏ రెండూ కలవలేదు. ఒకే గదిలో, ఒకే ఫ్యాను కింద, పక్కపక్క కుర్చీల్లో కూర్చునే ఇద్దరు రెండు వేరు వేరు ఆఫీసుల గురించి చెప్పారు. జవాబు ఆఫీసును బట్టి రాలేదు. మనిషి వయసును బట్టి వచ్చింది, ఆడా మగా అన్నదాన్ని బట్టి వచ్చింది, ఏ కేడరులో చేరాడన్నదాన్ని బట్టి వచ్చింది. అన్నిటికీ మించి ఏ ఊరివాడన్నదాన్ని బట్టి వచ్చింది.

మొదట పెద్దాయన. రిటైరు కావడానికి ఏడాదిన్నర ఉంది. ఎనభయ్యో దశకం చివర్లో గుమస్తాగా చేరాడు. మేము 'మీ ఆఫీసు' అనగానే ఆయన 'మా యూనియను' అని మొదలుపెట్టాడు. 1974లో ఒప్పందం మీద వచ్చిన బోనసును ఎమర్జెన్సీలో 1976లో ఏకంగా చట్టం చేసి ఎలా మింగేశారో, ఆ చట్టం చెల్లదని 1978లో సుప్రీంకోర్టు మదన్ మోహన్ పాఠక్ కేసులో ఎలా కొట్టేసిందో రామాయణం చెప్పినట్టు చెప్పాడు. అరవయ్యో దశకంలో కలకత్తాలో ఇలాకో హౌసు దగ్గర కంప్యూటరు రానివ్వమని కాపలా కాసిన కథ కూడా చెప్పాడు. ఇవన్నీ ఆయన చేరకముందు కథలే. అయినా తానే దగ్గరుండి నడిపినట్టు చెప్తాడు. తప్పేం లేదు. పోరాడి గెలుచుకున్న ఆఫీసు ఆయనది. ఆయన దృష్టిలో మేనేజరు ఇవాళ వస్తాడు, రేపు పోతాడు, ఆఫీసు మాత్రం ఉద్యోగులది. 'మా ఆఫీసులో ఎవడూ ఎవణ్ణీ ఏమీ అనలేడు' అన్నాడు.

ఆయన పక్క సీట్లో కుర్రాడు. 2019లో అసిస్టెంటు పోస్టులకు డివిజన్ల వారీగా నోటిఫికేషను ఇచ్చారు కదా, అందులో రాసి వచ్చినవాడు. బీటెక్ చదివాడు. పెద్దాయన మాట్లాడుతున్నంతసేపూ తల వంచుకుని కంప్యూటరు కేసే చూశాడు. టీకి బయటకు తీసుకెళ్తే అప్పుడు నోరు విప్పాడు. 'ఆయన ఆఫీసు వేరండి, నా ఆఫీసు వేరు. ఆయనకు పెన్షను ఉంది' అన్నాడు.

ఉద్యోగ మిత్రులారా, ఈ ఒక్క వాక్యం దగ్గర కాస్త ఆగండి. బీమా సంస్థలో 2010 ఏప్రిల్ 1 తర్వాత చేరినవాడికి పాత పెన్షను లేదు. వాడికి ఉన్నదల్లా షేర్ల బజారు మీద ఆధారపడ్డ ఎన్‌పీఎస్. 2024 మార్చిలో 17 శాతం జీతాల పెంపు ప్రకటించినప్పుడు కేంద్ర ప్రభుత్వమే చెప్పిన లెక్క: లాభం పొందే ఉద్యోగులు లక్షా పదివేల మందికి పైగా. వాళ్ళలో ఎన్‌పీఎస్ కిందికి వచ్చేవాళ్ళు సుమారు 24 వేలు. అంటే ప్రతి అయిదుగురిలో ఒకడికి ముసలితనం గురించిన హామీ లేదు. సంస్థ వాటాను 10 నుంచి 14 శాతానికి పెంచారు, నిజమే. పెంచినంత మాత్రాన అయిదో వాడు మిగతా నలుగురితో సమానం కాలేదు. ఊరందరికీ వృద్ధాప్యంలో నెలనెలా ఆదాయం వస్తుందని పాలసీ అమ్మే మనిషికి తన వృద్ధాప్యం మీద నమ్మకం లేదు! వాడు ఆఫీసును 'కుటుంబం' అనడం లేదు, 'ప్లాట్‌ఫాం' అంటున్నాడు. గ్రూపు-2కి చదువుతున్నాడు. బండి రాగానే ఎక్కేస్తాడు.

ఇందులో పెద్దాయన అబద్ధం ఆడలేదు, కుర్రాడూ ఆడలేదు. అదే మేము చెప్పేది. పై నుంచి ఎవరైనా వచ్చి కాగితాలు పంచి 'మీ పని వాతావరణం ఎలా ఉంది, టిక్కు పెట్టండి' అంటే, సగటున 'బాగుంది' అని వస్తుంది. సగటు అనే ఈ మాయ మనకు కొత్త కాదు. అమరావతి, విజయవాడ, గుంటూరు ఆదాయాలతో మన పార్వతీపురం, పాలకొండ ఆదాయాల్ని కలిపి భాగించి 'రాష్ట్ర తలసరి ఆదాయం' అని చెప్తుంటే వింటూనే ఉన్నాం. ఏట్లో సగటు లోతు మోకాలి బంటి అని నమ్మి దిగినవాడు చంపావతిలో ఎక్కడ తేలతాడో మనకు తెలుసు.

ఇక ఆడవాళ్ళు. ఒకామె పదిహేడేళ్ళ సర్వీసు ఉన్న ఉద్యోగి. ప్రమోషను వద్దని రాసిచ్చింది. ఎందుకమ్మా అంటే, 'ప్రమోషన్ తీసుకుంటే ఏ కర్ణాటకకో వేస్తారు. పిల్లలెక్కడ, అత్తమామలెక్కడ, నానెక్కడ?' అంది. మన డివిజను దక్షిణ మధ్య జోనులో ఉంది. ఆ జోను అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక మూడూను. ఆమె పక్కనే చేరిన మగవాడు మాత్రం ప్రమోషను తీసుకుని, భార్యను ఊళ్ళో వదిలి వెళ్ళి, ఆఫీసరయి తిరిగొచ్చి, ఇప్పుడు ఆమె సెలవు చీటీ మీద సంతకం పెడుతున్నాడు. అతన్ని అడిగితే 'మా దగ్గర ఆడా మగా తేడా లేదు, రూలు అందరికీ ఒకటే' అన్నాడు. నిజమే, రూలు ఒకటే. ఆ రూలు మోసే భుజాలు మాత్రం రెండు రకాలు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మేము ఒక ఆఫీసులో కూర్చుని ఉండగా రామతీర్థం వైపు నుంచి ఒక ముసలామె వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో పాలసీ బాండు, చావు సర్టిఫికెట్టు. కౌంటరు దగ్గర నిలబడి, 'మా ఇంటాయన సచ్చిపోనాడు బావూ. ఈ కాయితానికి డబ్బులేటైనా వొస్తాయేటి? బేగి సూడు బావూ, బస్సెలిపోద్ది' అంది. అక్కడ కూర్చున్న ఆఫీసరు మంచివాడే. కృష్ణా జిల్లావాడు, మూడు నాలుగేళ్ళు ఉండి వెళ్ళిపోయేవాడు. ఆమె మాట అర్థం కాక ఒకసారి, నవ్వొచ్చి ఒకసారి ఆగాడు. 'ఏమంటోంది?' అని పక్కకు తిరిగాడు. గుర్ల మండలం నుంచి వచ్చిన మన అసిస్టెంటు లేచి, ముసలామె తెలుగును ఆఫీసరుగారి తెలుగులోకి, ఆఫీసరుగారి తెలుగును ముసలామె తెలుగులోకి మార్చాడు.

తెలుగు నుంచి తెలుగులోకి దుబాసీ! ఈ పనికి వాడికి అలవెన్సు ఏమీ లేదు. పైగా మధ్యాహ్నం క్యారేజీలు విప్పినప్పుడు 'ఏటి, ఏటేటి' అని వాణ్ణి ఆట పట్టించడం రోజూ ఉండేదే. ఆట పట్టించేవాళ్ళను అడిగితే 'మా ఆఫీసు సరదాగా ఉంటుంది' అన్నారు. వాణ్ణి అడిగితే, 'ఇంటికాడ మాటాడినట్టు ఇక్కడ మాటాడనండి' అన్నాడు. పదకొండింటికి ఆఫీసులో దూరి సాయంత్రం బయటికొచ్చేదాకా సొంత నాలుకను జేబులో పెట్టుకుని బతకడం ఎలాంటిదో అది అనుభవించినవాడికే తెలుస్తుంది. మేము కూడా యూనివర్సిటీ హాస్టల్లో అనుభవించే వచ్చాం.

ఇంతవరకు చెప్పింది జీతాలున్నవాళ్ళ సంగతి. జీతం లేని కుటుంబ సభ్యుడు ఒకడున్నాడు. వాడి పేరు ఏజెంటు.

2023 సెప్టెంబరులో కేంద్ర ఆర్థిక శాఖ చెప్పిన లెక్క ప్రకారం సంస్థలో రెగ్యులర్ ఉద్యోగులు లక్షకు పైగా, ఏజెంట్లు 13 లక్షలకు పైగా. అంటే ఆ మహా కుటుంబంలో లోపలివాడు ఒకడైతే వాకిట్లో పదముగ్గురు. ఆ ఏడాదే ఏజెంట్ల గ్రాట్యుటీ పరిమితి 3 లక్షల నుంచి 5 లక్షలకు పెంచారు, సంతోషం. కానీ ఏజెంటు ఉద్యోగి కాడు, వాడికి నెల జీతం లేదు, సెలవు లేదు. 2024 అక్టోబరులో సరెండరు విలువ నిబంధనలు మారాక మొదటి ఏడాది కమీషనూ తగ్గింది.

నెల్లిమర్ల జూట్ మిల్లు గేటు దగ్గర టీ కొట్లో మాతో మాట్లాడిన ఏజెంటుకు యాభై దాటాయి. తండ్రి మిల్లు కార్మికుడు. 1994లో ఇదే మిల్లు కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపిన నాటికి ఈయన కుర్రాడు. ఆ తర్వాత ఎన్ని లాకౌట్లు చూశాడో వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు, వేళ్ళు చాల్లేదు. 'గేటు మూసేస్తే ఇంట్లో ముందు ఆగిపోయేది ఏటో తెలుసా బావూ? బియ్యం ఆగవు, అప్పు సేసైనా తెత్తారు. పిల్లడి ఫీజూ ఆగదు. ముందాగిపోయేది నా ప్రీమియమే' అన్నాడు.

ఆగినప్పుడు ఈయన ఏం చేస్తాడు? తన జేబులోంచి రెండు వాయిదాలు కట్టేస్తాడు. మిల్లు తెరిచాక ఇస్తారు. కొందరు ఇస్తారు, కొందరు చెన్నై పోయి కూలిపనిలో పడి మరి కనబడరు. పాలసీ ల్యాప్స్ అయిపోతుంది. ఆఫీసులో ఏసీ గదిలో ఆ ల్యాప్స్ ఒక శాతంగా కనబడుతుంది. మీటింగులో తెరమీద ఎర్రగీతగా కనబడుతుంది. 'మీ ఏరియాలో ల్యాప్సులు ఎక్కువ, మీవాళ్ళకు పొదుపు అలవాటు లేదు' అని ఏజెంటును నిలబెట్టి అడుగుతారు. లాకౌటు సంగతి తెరమీద ఉండదు కదా! వలస రైలు సంగతి ఉండదు కదా! ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుతో మనిషి మంచాన పడితే ప్రీమియం కట్టేవాడెవడన్న సంగతి ఉండదు కదా! పొదుపు అలవాటు లేనిది మనకా? సంపాదన లేకుండా చేసి పొదుపు లేదని తిట్టడం ఎక్కడి పద్ధతి?

ఆ ఏరియాలో పుట్టినవాడెవడైనా ఆ మీటింగులో పెద్ద కుర్చీలో కూర్చుని ఉంటే ఆ ప్రశ్న వేసేవాడు కాదు. అందుకే అంటున్నాం, ఆఫీసులో ఎవరు కూర్చున్నారన్నది వట్టి ఉద్యోగాల లెక్క మాత్రమే అనుకోకండి. కూర్చున్నవాణ్ణి బట్టి మన బతుకు అక్కడ ఎలా కనబడుతుందో తేలుతుంది.

ప్రయివేటు కంపెనీల సంగతి రెండు ముక్కల్లో చెప్పి ముగిస్తాం, ఎందుకంటే అక్కడ దాచేదేమీ లేదు. 2000లో తలుపులు తీశారు. విదేశీ వాటా 26 శాతంతో మొదలై 2015లో 49 అయింది, 2021లో 74 అయింది. విజయనగరంలో డిగ్రీ అయిన పిల్లణ్ణి టై కట్టించి, బైకు మీద తోలి, 'మొదటి నెల టార్గెట్టు' అంటారు. పిల్లడు మేనమామకు ఒకటి, పెదనాన్నకు ఒకటి అంటగడతాడు. మూడో నెలకు చుట్టాలు అయిపోతారు, ఆరో నెలకు ఉద్యోగం అయిపోతుంది. ఆ ఆఫీసులో సగటు వయసు ఇరవై అయిదు దాటదేమో అనిపించింది మాకు. అంతా కుర్రాళ్ళే, అంతా నవ్వుతూనే ఉంటారు. 'కల్చర్ సూపర్ అండి' అన్నాడొకడు. వాడికి పోల్చుకోవడానికి ఇంకో ఆఫీసు తెలీదు. యూనియను అనే మాట విని అదేమిటని అడిగాడు. ఉద్యోగం పోయినవాణ్ణి టీ కొట్టు దగ్గర పట్టుకుని అడగండి, అదే ఆఫీసు గురించి వేరే కథ చెప్తాడు.

ఇక్కడ మనవాళ్ళే కొందరు ఒక మాట అంటున్నారు. 'బీమా కేంద్ర సంస్థ కదా, ప్రత్యేక రాష్ట్రం వస్తే మాత్రం దానికేం సంబంధం?' మంచి ప్రశ్న. పెద్దలు కూడా అడుగుతున్నారు కాబట్టి జవాబు వివరంగా చెప్పాలి.

1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు మన పాత మూడు జిల్లాల్నీ ఒకటో జోనుగా పెట్టాయి. ఎంత తూట్లు పొడిచినా, స్థానికుడు అనే మాటకు అక్కడ ఒక విలువ ఉంది. ఆ ఉత్తర్వులు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకే వర్తిస్తాయి. బీమా, బ్యాంకు, రైల్వేలకు ఆ రక్షణ లేదు. గుమస్తా పోస్టు డివిజను స్థాయిలో ఇస్తారు గానీ ఆఫీసరు పోస్టుకు దేశమంతా పోటీ. ఇక పెద్ద నిర్ణయాల చిరునామా చూడండి. 1925లో మచిలీపట్నంలో ఆంధ్రా ఇన్సూరెన్సు పెట్టినప్పుడు ఉత్తరాంధ్ర ప్రీమియాలు మచిలీపట్నం వెళ్ళాయి. జాతీయం చేశాక జోనల్ ఆఫీసు హైదరాబాదులో పెట్టారు. బీమా నియంత్రణ సంస్థను 2001లో ఢిల్లీ నుంచి తెచ్చి హైదరాబాదులోనే పెట్టారు. అంబుడ్స్‌మన్ ఆఫీసు అదీ హైదరాబాదే. జనరల్ ఇన్సూరెన్సు ప్రభుత్వ కంపెనీలు నాలుగు: ముంబయి, కలకత్తా, ఢిల్లీ, చెన్నై. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది, ఈ ఆఫీసులు ఉన్నచోటే ఉన్నాయి. రామతీర్థం ముసలామెకు క్లెయిము రాకపోతే ఫిర్యాదు వినే పెద్దమనిషి ఇవాళ్టికీ పక్క రాష్ట్ర రాజధానిలోనే ఉన్నాడు. 'ఆన్‌లైనులో పెట్టుకోవచ్చుగా, వీడియోలో విచారణ చేస్తారుగా' అంటారు. పెట్టుకోవచ్చు. ఆవిడకు ముందు ఆన్‌లైను పెట్టండి.

రాష్ట్రం వస్తే ఒక రాజధాని వస్తుంది. రాజధాని ఉన్నచోటికి జోనల్ ఆఫీసులు, ట్రిబ్యునళ్ళు, అంబుడ్స్‌మన్లు వస్తాయి. ఎవరూ దయతలచి ఇవ్వరు, అడిగే ప్రభుత్వం ఒకటుంటే ఇస్తారు. రైల్వే జోను కోసం విశాఖ ఎన్నేళ్ళు అరిచింది? 2019లో ప్రకటించేనాటికి గొంతులు బొంగురుపోయాయి.

ఇంకో సంగతి కూడా ఉంది. 2011లో తెలంగాణలో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. ఎలా నడిచింది? ఆఫీసుల్లో కుర్చీల్లో వాళ్ళ ఊళ్ళవాళ్ళు కూర్చుని ఉండబట్టి నడిచింది. 2013లో మన విజయనగరంలోనూ ఉద్యమం నడిచింది. అక్టోబరులో కర్ఫ్యూ కూడా పెట్టారు. ఆ రోజుల్లో సమైక్య జెండా పట్టుకుని మేమూ ఊరేగాం, లాఠీ దెబ్బలు తిన్నాం. ఎవరి రాజధాని కోసం తిన్నామో తర్వాత తెలిసింది. ఆ దెబ్బల మచ్చలు ఇంకా ఉన్నాయి కాబట్టే ఇవాళ ఈ పత్రికలో రాస్తున్నాం.

ఇన్ని చెప్పి మన తప్పు దాచుకుంటే అది ఉద్యమ పత్రిక అనిపించుకోదు. గుర్ల కుర్రాణ్ణి వెక్కిరించేవాళ్ళలో మనవాళ్ళూ ఇద్దరున్నారు. వాళ్ళు విశాఖలో ఫ్లాట్లు కొన్నాక యాస మర్చిపోయారు. మన ఉద్యోగి లోపల కుర్చీలో ఉండి, అదే ఊరి ఏజెంటు గంటసేపు నిలబడి ఉన్నా తలెత్తని దృశ్యం మేము కళ్ళారా చూశాం. ఆఫీసు ఊడ్చే మనిషిని 'నీకు జీతమెంత' అని మేము అడిగితే, ముప్పయ్యేళ్ళకు పైగా సర్వీసు చేసిన మన పెద్దాయన 'ఏమో, కాంట్రాక్టరు చూసుకుంటాడు' అన్నాడు. ఇదే పెద్దాయన ఇందాక మాకు బోనసు రామాయణం చెప్పినవాడు. రాష్ట్రం వచ్చాక ఇదే మనిషి పెద్ద కుర్చీలో కూర్చుంటే ఊడ్చే మనిషికి వచ్చేదేమిటి? ఈ ప్రశ్నకు ఇప్పుడే జవాబు చెప్పుకోకపోతే రేపు తెలంగాణలో కొందరు అడుగుతున్నట్టు 'వచ్చింది ఎవరి తెలంగాణ' అని మనమూ అడుక్కోవాల్సి వస్తుంది.

కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఆ ఆఫీసరు మీద మాకు కోపం లేదు. వాడూ పెళ్ళాం పిల్లల్ని వదిలి ఇక్కడ అద్దె గదిలో వండుకుని తింటున్నాడు. వాడి జవాబు కూడా రాస్తున్నాం: 'ఇక్కడెవరూ నాతో మనసు విప్పి మాట్లాడరు'. వాడి ఆఫీసూ వేరే.

ఇప్పుడు పని గురించి. జీవిత బీమా సంస్థ, ప్రభుత్వ జనరల్ ఇన్సూరెన్సు కంపెనీలు సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయి. దరఖాస్తు ఫీజు 10 రూపాయలు. విశాఖపట్నం డివిజనులో ఒకటో తరగతి నుంచి నాలుగో తరగతి దాకా ఉద్యోగులెందరు, వాళ్ళ సొంత జిల్లాలేవి, ఆడవాళ్ళెందరు, ముప్పయి అయిదు లోపువాళ్ళెందరు, పాత పెన్షనువాళ్ళెందరు, ఎన్‌పీఎస్‌వాళ్ళెందరు, గత పదేళ్ళలో ప్రమోషను వద్దని రాసిచ్చిన ఆడవాళ్ళెందరు, కాంట్రాక్టు మీద ఊడ్చేవాళ్ళకు, కాపలా కాసేవాళ్ళకు సంస్థ కాంట్రాక్టరుకు ఇస్తున్నదెంత అని అడగండి. పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. విద్యార్థి మిత్రులు ఒక్కొక్క కాలేజీ నుంచి ఒక్కొక్క దరఖాస్తు పెట్టండి. ముప్పయి రోజుల్లో జవాబివ్వాలి. వచ్చిన ప్రతి జవాబునూ, రాని ప్రతి జవాబునూ ఇదే పేజీలో వేస్తాం. నెల్లిమర్ల, చీపురుపల్లి తరఫున మొదటి రెండు దరఖాస్తులు సోమవారం మేమే పోస్టు చేస్తున్నాం. ముసలామె క్లెయిము కాగితాల జిరాక్సు కూడా మా దగ్గర ఉంది. గుర్ల కుర్రాడే తీసిచ్చాడు.